చవితి చంద్రుడు ఎన్నింటికి వస్తాడు? నెల రోజుల చంద్రుణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టుకుందాం

సంకటహర చవితి వీడియోలో పూజా విధానం అంతా వివరంగా చెప్పుకున్నాం. చంద్రోదయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "టైమ్ మీ క్యాలెండర్‌లో చూసుకోండి" అని ఒక్క మాటతో దాటేశాను. ఈ పోస్టు ఆ దాటేసిన మాట కోసమే. ఎందుకంటే ఆ నిర్లక్ష్యానికి దెబ్బ ముందు మా ఇంట్లోనే తగిలింది.

2025 నవంబర్ 8, శనివారం. కార్తీక బహుళ చవితి. మా అక్క ఆరోగ్యం కోసం అమ్మ 11 సంకటహర చవితులు చేస్తానని మొక్కుకుంది. అది ఏడోది. అమ్మకి షుగర్ ఉంది. డాక్టర్ గారు కటిక ఉపవాసం వద్దన్నారు కాబట్టి పగలు పాలు, పండ్లు తీసుకుంటుంది. అన్నం మాత్రం చంద్రుణ్ణి చూసి, అర్ఘ్యం ఇచ్చిన తర్వాతే. టైమ్ చెప్పే డ్యూటీ నాది.

"ఎన్నింటికిరా?" అని సాయంత్రం నుంచి నాలుగుసార్లు అడిగింది. ఫోన్‌లో పంచాంగం యాప్ చూసి "7:59 అమ్మా" అన్నాను. ఎనిమిదింటికి ఇద్దరం బాల్కనీలో నిలబడ్డాం. ఎదురుగా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. చంద్రుడు లేడు.

"ఏడిరా?"

"ఆ బిల్డింగ్ వెనకాల ఉంటాడమ్మా. వచ్చేశాడు, ఇందులో చూపిస్తోంది కదా. ఇంకా ఎంతసేపు ఉంటావు, అర్ఘ్యం ఇచ్చేసెయ్."

నా మాట నమ్మి అమ్మ ఆ బిల్డింగ్ వైపే తిరిగి అర్ఘ్యం ఇచ్చింది. లోపలికి వచ్చి భోంచేసింది. 8:45 అప్పుడు ఆరేసిన బట్టలు తేవడానికి నేను మేడ మీదకి వెళ్లాను. అక్కడ తూర్పు దిక్కు ఖాళీగానే ఉంటుంది. చంద్రుడు అప్పుడే పైకి లేస్తున్నాడు. ఎర్రగా, పసుపు ముద్దలా, నేలకి మూడు వేళ్ల ఎత్తులో ఉన్నాడు. 7:59కే వచ్చి ఉంటే అప్పటికి పిడికిలి ఎత్తు దాటాలి. అనుమానం వచ్చి యాప్ తెరిచి చూస్తే పైన చిన్న అక్షరాల్లో ఉంది: న్యూఢిల్లీ. ఆఫీసు ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు మార్చిన లొకేషన్ అది. మళ్లీ హైదరాబాద్‌కి మార్చలేదు. మార్చగానే చంద్రోదయం రాత్రి 8:25 ప్రాంతానికి జరిగింది.

అంటే అమ్మ అర్ఘ్యం ఇచ్చినప్పుడు మన ఆకాశంలో చంద్రుడే లేడు.

చెప్పాను. దాచలేకపోయాను. "పోనీలేరా, తెలియక జరిగిందేగా" అంది. కానీ ఆ రాత్రి పూజ గదిలో చాలాసేపు అలాగే కూర్చుంది. యాప్ తప్పు చెప్పలేదు. ఢిల్లీకి అది సరైన టైమే. తలెత్తి చూస్తే తెలిసిపోయే విషయాన్ని స్క్రీన్‌లో చూసి తేల్చేశాను, తప్పు అక్కడ జరిగింది. ఆఫీసులో సిస్టమ్ పడిపోతే అసలు కారణం ఏంటో తవ్వి రాస్తాం కదా, ఇది అలాంటిదే అనుకోండి. రాస్తూ ఉంటే అర్థమైంది: పంచాంగంలో ఉన్న తిథికీ, ఆకాశంలో ఉన్న చంద్రుడికీ మధ్య చాలా సులువైన లెక్క ఒకటి ఉంది. అది తెలిస్తే ఏ యాప్ ఏం చెప్పినా, తేడా ఉంటే ఇట్టే పట్టేయొచ్చు.

చంద్రుడు ఎందుకు పెరుగుతాడు, ఎందుకు తరుగుతాడు

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. చంద్రుడు సగం కనిపించడానికి కారణం భూమి నీడ కాదు. భూమి నీడ పడితే అది గ్రహణం. 2025 సెప్టెంబర్ 7న భాద్రపద పౌర్ణమి రాత్రి మనం చూసిన సంపూర్ణ చంద్రగ్రహణం అదే. చంద్రుడు తిరిగే దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వంగి ఉంటుంది కాబట్టి ప్రతి పౌర్ణమికీ గ్రహణం రాదు.

రోజూ కనిపించే కళల సంగతి వేరు. చంద్రుడిలో సూర్యుడి వైపున్న సగం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలిగే సగంలో మనకు ఎంత కనిపిస్తుంది అనేదే కళ. సూర్యుడు, చంద్రుడు ఒకే వైపు ఉంటే వెలిగే సగం మనకి అవతలి పక్కన ఉంటుంది. అది అమావాస్య. ఇద్దరూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటే వెలిగే సగం మొత్తం మనవైపే. అది పౌర్ణమి. మధ్యలో 90 డిగ్రీల ఎడం వస్తే సగం చంద్రుడు. అది అష్టమి దగ్గర.

ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకి సగటున 29.53 రోజులు. అందుకే మన చాంద్రమాన మాసం ఒక్కోసారి 29 రోజులు, ఒక్కోసారి 30 రోజులు ఉంటుంది.

తిథి అంటే తేదీ కాదు, కోణం

మనలో చాలామంది తిథిని తేదీలాగే అనుకుంటాం. "ఈరోజు చవితి, రేపు పంచమి" అంటూ ఉంటాం. నిజానికి తిథి అనేది సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న ఎడం. చుట్టూ 360 డిగ్రీలు. దాన్ని 30 భాగాలు చేస్తే ఒక్కో భాగం 12 డిగ్రీలు. ఆ భాగమే ఒక తిథి.

అమావాస్య ముగిసే క్షణంలో ఎడం సున్నా. అక్కడి నుంచి 12 డిగ్రీలు వచ్చేవరకు శుక్ల పాడ్యమి. 24 వరకు విదియ. 36 వరకు తదియ. ఇలా 180 డిగ్రీలకి చేరితే పౌర్ణమి పూర్తి. తర్వాత బహుళ పాడ్యమి మొదలై, 360కి చేరితే మళ్లీ అమావాస్య పూర్తి.

చంద్రుడు సూర్యుడి కంటే రోజుకి సగటున 12 డిగ్రీల పైచిలుకు ముందుకి జరుగుతాడు. కాబట్టి ఒక తిథి సగటున 23 గంటల 37 నిమిషాలు. కానీ చంద్రుడి వేగం అన్ని రోజులూ ఒకేలా ఉండదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు పరుగెడతాడు, దూరంగా ఉన్నప్పుడు నెమ్మదిస్తాడు. అందుకే ఒక తిథి సుమారు 20 గంటల్లోనే అయిపోవచ్చు, లేదా 26 గంటలు దాటి కూడా ఉండొచ్చు. అర్ధరాత్రి 12కి తేదీ మారినట్టు తిథి మారదు. మధ్యాహ్నం మూడుకి మారొచ్చు, తెల్లవారుజామున నాలుగుకీ మారొచ్చు. పంచాంగంలో "చవితి రా. 9.40 వరకు" లాంటి మాటలు ఉండేది ఇందుకే.

48 నిమిషాల లెక్క

ఇప్పుడు అసలు సూత్రం. భూమి తన చుట్టూ తాను 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక డిగ్రీకి 4 నిమిషాలు. ఒక తిథికి చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరుగుతాడు. 12 ఇంటూ 4, మొత్తం 48 నిమిషాలు. అంటే తిథి ఒకటి గడిచే కొద్దీ చంద్రోదయం సుమారు 48 నిమిషాలు వెనక్కి వెళ్తుంది.

ఈ 48 ఎక్కడో విన్నట్టు ఉందా? మన లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు. రెండు ఘడియలు ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలు. రోజుకి 30 ముహూర్తాలు, నెలకి 30 తిథులు. తిథికి ఒక ముహూర్తం చొప్పున ఆలస్యమవుతూ పోతే, 30 తిథులయ్యేసరికి సరిగ్గా 24 గంటలు తిరిగి, చంద్రుడు మళ్లీ సూర్యుడితో కలిసి ఉదయిస్తాడు. ఇంత చక్కగా కుదిరిన లెక్క చూస్తే కోడ్ రాసేవాడిగా నాకు ముచ్చటేసింది.

తేదీల ప్రకారం చూస్తే ఆలస్యం రోజుకి సగటున 50 నిమిషాలు. తిథి రోజు కంటే కొంచెం చిన్నది కావడం, భూమి తిరిగి అందుకునేలోపు చంద్రుడు ఇంకాస్త జరగడం, ఈ రెండింటి వల్ల ఆ రెండు నిమిషాలు కలుస్తాయి.

కాబట్టి సూత్రం ఇది: అమావాస్య తర్వాత ఎన్ని తిథులు పూర్తయ్యాయో లెక్కపెట్టండి. దాన్ని 48తో గుణించండి. ఉదయం 6 గంటలకి కలపండి. చంద్రోదయం దాదాపుగా వచ్చేస్తుంది. దానికి 12 గంటలు కలిపితే చంద్రాస్తమయం.

బహుళ పక్షానికి ముందు 15 కలుపుకోవాలి. బహుళ చవితి మొదలైందంటే 15 తిథుల శుక్ల పక్షం, ఆ పైన పాడ్యమి, విదియ, తదియ పూర్తయినట్టు. మొత్తం 18. ఇలా వేసుకుంటే నెల మొత్తం ఇలా ఉంటుంది:

- అమావాస్య: సూర్యుడితో పాటే ఉదయం 6కి ఉదయం, సాయంత్రం 6కి అస్తమయం. రాత్రంతా చీకటి.
- శుక్ల చవితి: ఉదయం 8:30, 9 మధ్య ఉదయం, రాత్రి 8:30, 9 మధ్య అస్తమయం.
- శుక్ల అష్టమి: మధ్యాహ్నం 12 ప్రాంతంలో ఉదయం, అర్ధరాత్రి అస్తమయం. సాయంత్రం చూస్తే నడినెత్తిన ఉంటాడు.
- శుక్ల ఏకాదశి: మధ్యాహ్నం 2 దాటాక ఉదయం, తెల్లవారుజామున 2 దాటాక అస్తమయం.
- పౌర్ణమి: సూర్యాస్తమయం వేళ ఉదయం, సూర్యోదయం వేళ అస్తమయం. రాత్రంతా వెన్నెల.
- బహుళ తదియ: రాత్రి 7:30, 8:30 మధ్య ఉదయం.
- బహుళ చవితి: రాత్రి 8:30, 9 మధ్య ఉదయం.
- బహుళ అష్టమి: అర్ధరాత్రి ఉదయం, మధ్యాహ్నం అస్తమయం.
- బహుళ ఏకాదశి: తెల్లవారుజామున 2 దాటాక ఉదయం.
- బహుళ చతుర్దశి: తెల్లవారబోయే ముందు సన్నటి రేఖలా ఉదయం.

ఇది వేళ్ల మీద వేసుకునే లెక్క. నిజమైన సమయం దీనికి అరగంట, ఒక్కోసారి గంట అటూ ఇటూ ఉండొచ్చు. ఎందుకో కింద చెప్తాను. కానీ చవితి రోజు ఎవరైనా "చంద్రోదయం రాత్రి 11:30కి" అంటే అది తప్పని చెప్పడానికి ఈ లెక్క చాలు.

పండగల్ని ఈ కళ్లతో చూడండి

ఈ లెక్క చేతిలో ఉంటే మన పండగలు కొత్తగా కనిపిస్తాయి.

వినాయక చవితి, సంకటహర చవితి రెండూ గణపతివే. ఒకటి శుక్ల చవితి, ఇంకోటి బహుళ చవితి. వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూడకూడదు అంటాం, శమంతకమణి కథ వింటాం. సంకటహర చవితి నాడు చంద్రుణ్ణి చూసేవరకు తినం. రెండింటి మధ్య 15 తిథులు, అంటే 12 గంటల తేడా. శుక్ల చవితి నాడు పొద్దుపోయాక పడమట ఉన్న చంద్రుడు రాత్రి 9 ప్రాంతానికి అస్తమిస్తాడు. బహుళ చవితి నాడు ఇంచుమించు అదే వేళకి తూర్పున ఉదయిస్తాడు. ఒక చవితికి చంద్రుడు వెళ్లిపోయేదాకా ఆగుతాం. ఇంకో చవితికి వచ్చేదాకా ఆగుతాం.

అట్లతద్ది ఆశ్వయుజ బహుళ తదియ. తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, ఉయ్యాలలూగి, సాయంత్రం చంద్రుణ్ణి చూసి గౌరీదేవికి అట్లు నైవేద్యం పెడతారు. తదియ చంద్రుడు 8 లోపో, కాస్త అటుగానో వచ్చేస్తాడు. ఉత్తరాది వాళ్ల కర్వా చౌత్ ఆ మర్నాటి చవితి. వాళ్ల చంద్రుడు మన అట్లతద్ది చంద్రుడి కంటే ఇంకాస్త ఆలస్యం. వాళ్లు దాన్ని కార్తీకం అంటారు, మనం ఆశ్వయుజం అంటాం. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకి పౌర్ణమితో ముగుస్తుంది, అంతే తేడా. చంద్రుడు ఒక్కడే.

కృష్ణాష్టమి శ్రావణ బహుళ అష్టమి. 22 ఇంటూ 48 వేసి చూడండి. రాత్రి 11:36. చంద్రవంశంలో పుట్టిన కృష్ణుడి జన్మ వేళ అర్ధరాత్రి, చంద్రుడు తూర్పున తొంగిచూసే వేళ కూడా అదే. ఈసారి అర్ధరాత్రి పూజ అయ్యాక ఒక్కసారి బయటికి వచ్చి తూర్పుకి చూడండి.

మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. జాగరణ చేసే రాత్రంతా చంద్రుడు ఉండడు. తెల్లవారబోయే ముందు తూర్పున గీత గీసినట్టు చిన్న వంక కనిపిస్తుంది, మబ్బు లేకపోతే. శివుడి తల మీద ఉండే చంద్రుడు కూడా అలాంటి వంకే కదా.

నవంబర్ 8న అసలు ఏం జరిగింది

ఇప్పుడు మళ్లీ మా ఇంటి తప్పు దగ్గరికి వద్దాం. ఆ రోజులో చూడదగ్గ విషయాలు మూడున్నాయి.

మొదటిది తిథి. దృక్ గణితం ప్రకారం ఆ రోజు చవితి ఉదయం 7:30 ప్రాంతంలో మొదలై, మర్నాడు తెల్లవారుజామున 4:30 లోపే అయిపోయింది. హైదరాబాద్‌లో సూర్యోదయం 6:20 ప్రాంతంలో. అంటే 8వ తేదీ సూర్యోదయానికి తదియ, 9వ తేదీ సూర్యోదయానికి పంచమి. చవితి ఏ సూర్యోదయాన్నీ తాకలేదు! దీన్నే క్షయ తిథి అంటారు. "సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు అదే" అన్న ఒక్క నియమమే పట్టుకుంటే ఆ నెలలో సంకటహర చవితి లేనే లేదు. కానీ ఈ వ్రతానికి చూడాల్సింది చంద్రోదయ సమయంలో చవితి ఉందా లేదా అని. 8వ తేదీ రాత్రి ఉంది. కాబట్టి వ్రతం ఆ రోజే. ఒక్కో పండక్కి ఒక్కో కాలం ముఖ్యం: వినాయక చవితికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి. "క్యాలెండర్లో ఒకటి, టీవీలో ఇంకోటి" అని కోప్పడే ముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

రెండోది వేగం. మూడు రోజుల ముందు, నవంబర్ 5న కార్తీక పౌర్ణమి. 2025లో భూమికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన పున్నమి చంద్రుడు అదే, సుమారు 3,57,000 కిలోమీటర్లు. సగటు దూరం 3,84,400. దగ్గరగా ఉన్నాడు కాబట్టి వేగంగా కదిలాడు, తిథులు చిన్నవయ్యాయి. పౌర్ణమి నాడు హైదరాబాద్‌లో సాయంత్రం 5:30 ప్రాంతంలో ఉదయించినవాడు మూడు రోజులకి 8:25కి వెళ్లాడు. రోజుకి 50 నిమిషాలు కాదు, దాదాపు గంట.

మూడోది ఊరు. హైదరాబాద్ కంటే ఢిల్లీ కాస్త పడమటికి ఉంది. ఆ లెక్కన అక్కడ చంద్రుడు కొంచెం ఆలస్యంగా రావాలి. కానీ 25 నిమిషాలు ముందే వచ్చాడు! దీనికి కారణం ఉత్తర దక్షిణాల తేడా. ఎండాకాలంలో సూర్యుడు ఉత్తరానికి జరిగినప్పుడు ఢిల్లీలో మనకంటే ముందే తెల్లవారుతుంది, పొద్దు ఎక్కువసేపు ఉంటుంది. చలికాలం పున్నమి చంద్రుడు ఎండాకాలం సూర్యుడి దారిలో నడుస్తాడు. ఆ రాత్రి చంద్రుడు ఆకాశ మధ్యరేఖకి దాదాపు 28 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాడు. కాబట్టి ఉత్తరాది ఊళ్లకి ముందుగా కనిపించాడు. ఎండాకాలం సంకటహర చవితులకి ఇది తిరగబడుతుంది, అప్పుడు ఢిల్లీ వాళ్లే ఎక్కువసేపు ఎదురుచూడాలి. వేళ్ల మీద లెక్కకీ అసలు సమయానికీ గంట దాకా తేడా రావడానికి ముఖ్య కారణం కూడా ఇదే.

తూర్పు పడమరల తేడా అయితే సులువు. డిగ్రీకి 4 నిమిషాలు. విశాఖపట్నం హైదరాబాద్‌కి దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉంది, అందుకే అక్కడ చంద్రుడు సుమారు 20 నిమిషాలు ముందు ఉదయిస్తాడు. విశాఖలో ఉన్న పిన్ని "మాకు వచ్చేశాడు" అని ఫోన్ చేస్తే మీరు అర్ఘ్యం ఇచ్చేయకండి.

డల్లాస్‌లోనో, ఇంకెక్కడో ఉన్నవాళ్లకి ఒక మాట. తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతా ఒక్కటే, గడియారాలే వేరు. ఆ చవితి మనకి శనివారం పొద్దున మొదలైతే డల్లాస్‌లో అప్పుడు శుక్రవారం రాత్రి 8 దాటింది. కాబట్టి ఇండియా క్యాలెండర్ తేదీ చూసి అక్కడ వ్రతం చేయకండి. మీ ఊరికి వేసిన పంచాంగం చూడండి, అనుమానం ఉంటే దగ్గర్లోని గుడిలో అడగండి.

చంద్రోదయమే లేని తేదీ

యాప్‌లో ఎప్పుడైనా "ఈరోజు చంద్రోదయం లేదు" అని చూసి తప్పు అనుకున్నారా? తప్పు కాదు. 2025 నవంబర్ 11న హైదరాబాద్‌లో చంద్రుడు రాత్రి 11:35 ప్రాంతంలో వచ్చాడు. దానికి 50 నిమిషాల పైన కలిపితే అర్ధరాత్రి దాటిపోతుంది. తర్వాతి చంద్రోదయం 13వ తేదీ 12:30 ప్రాంతంలో. మధ్యలో 12వ తేదీ మొత్తానికి చంద్రోదయమే లేదు. బహుళ అష్టమి దగ్గర ప్రతి నెలా ఇలాంటి తేదీ ఒకటి వస్తుంది. అలాగే శుక్ల అష్టమి దగ్గర చంద్రాస్తమయం లేని తేదీ ఒకటి వస్తుంది. చంద్రుడు ఎక్కడికీ పోలేదు, మన తేదీ గీత దాటాడు, అంతే.

మేడ మీదకి వెళ్లేటప్పుడు

- ముందు యాప్‌లో ఊరి పేరు చూడండి. ఆ తర్వాతే టైమ్.
- పంచాంగంలో సమయం అడ్డేమీ లేని తూర్పు దిక్కుకి లెక్క కట్టింది. బిల్డింగులు ఉంటే ఇంకా ఆలస్యం. చేయి ముందుకి చాపి పిడికిలి పెడితే అది సుమారు 10 డిగ్రీలు. అడ్డంగా ఉన్న బిల్డింగ్ ఒక పిడికిలి ఎత్తుంటే ఇంకో 40 నిమిషాలు పైన ఆగాలి.
- తూర్పు అంటే సరిగ్గా తూర్పే కాదు. చలికాలం పున్నమి తర్వాతి రోజుల్లో చంద్రుడు ఈశాన్యం వైపు జరిగి ఉదయిస్తాడు, ఎండాకాలంలో ఆగ్నేయం వైపు.
- పక్షం మర్చిపోతే వెలుగు ఎటువైపు ఉందో చూడండి. వెలుగు పడమటి వైపు ఉంటే శుక్ల పక్షం, తూర్పు వైపు ఉంటే బహుళ పక్షం.
- ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లు ఉపవాసం ఉంటే సరైన టైమ్ ముందే చూసి చెప్పండి. వాళ్లు ఆగే ప్రతి అరగంటా వాళ్ల ఒంటి మీద పడుతుంది. డాక్టర్ గారు చెప్పిన మాటకి లోబడే వ్రతం చేయించండి.

మళ్లీ చవితి

మర్నాడు అమ్మని గుడికి తీసుకెళ్లాను. జరిగింది చెబితే పూజారి గారు నవ్వి, "తెలియక జరిగినదానికి బెంగ పెట్టుకోకండమ్మా. వచ్చే చవితికి కళ్లారా చూసి ఇవ్వండి" అన్నారు.

వచ్చే చవితి డిసెంబర్ 7, ఆదివారం. ఈసారి చవితి మొదలైందే సాయంత్రం 6:30 లోపు. పొద్దున క్యాలెండర్‌లో తదియ అని ఉంది, అయినా వ్రతం ఆ రోజే. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు. హైదరాబాద్ చంద్రోదయం 8:15 దాటాక. యాప్‌లో చూశాను, వేళ్ల మీద లెక్క వేశాను, పైన ఊరి పేరు రెండుసార్లు చూశాను. ఎనిమిదింటికే రాగి చెంబు, పళ్లెం పట్టుకుని ఇద్దరం మేడ ఎక్కాం. నేను ఈశాన్యం వైపు చెయ్యి చూపించి 48 నిమిషాల లెక్క చెప్పడం మొదలుపెట్టాను.

అమ్మ మొత్తం విని, "మీ అమ్మమ్మకి ఇవన్నీ తెలీదురా. చవితి చంద్రుడు ఊళ్లో అందరి భోజనాలు అయ్యాక వస్తాడు, అష్టమి చంద్రుడు అందరూ పడుకున్నాక వస్తాడు అనేది" అంది.

నేను నోరు మూసుకున్నాను. మా అమ్మమ్మ రోజూ తలెత్తి చూసేది. ఆవిడకి తెలిసిందే, నేను గుణకారాలు వేసి మళ్లీ తెలుసుకున్నాను.

8:20 దాటింది. దూరంగా చెట్ల మీద ముందు వెలుగు, తర్వాత అంచు, తర్వాత మొత్తం. "అదిగో!" అని అమ్మే ముందు చూసింది. చెంబులో నీళ్లు పళ్లెంలో పడుతుంటే అందులో చంద్రుడు ఊగాడు. అమ్మ ఎనిమిదో చవితి అయింది. ఇంకా మూడు.

ఈ నెల మీకు చిన్న హోంవర్క్. పౌర్ణమి నుంచి వరసగా నాలుగు రాత్రులు, చంద్రుడు మీ ఇంటి దగ్గర ఎన్నింటికి కనిపించాడో ఒక కాగితం మీద రాయండి. పక్కన ఆ రోజు తిథి రాయండి. నాలుగో రోజుకి మీ చేతిలో మీ ఇంటి పంచాంగం ఒకటి తయారవుతుంది. ఇంట్లో అమ్మో, అమ్మమ్మో, నానమ్మో ఉంటే వాళ్లని కూడా మేడ మీదకి తీసుకెళ్లండి. వాళ్లు చెప్పే మాటలు ఏ యాప్‌లోనూ ఉండవు.

శుభం.